మెడ వెనక నుంచి వచ్చిన ముఠా

నలభై ఏళ్ళు మిరపకోత ముఠా నడిపితే అందులో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు దారి తప్పింది లేదని నెహెమ్యా మేస్త్రి స్కానింగు వరండాలో పక్క కుర్చీలో ఉన్న కరీమాబీతో అనేశాడు. ఆవిడ అడిగింది అది కాదు. "మీది ఎన్నో నంబరు పెద్దాయనా?" అని అడిగింది, అంతే. పద్నాలుగు అని చెప్పి ఊరుకుంటే పోయేది. కానీ అది డెబ్భై ఎనిమిదేళ్ళ నోరు. ఎవరో ఒకరు దొడ్డి తలుపు తీస్తే చాలు, గొడ్లన్నీ ఒక్కసారే బయటపడతాయి. పద్నాలుగు అన్నాడు, ఆ వెంటనే పద్నాలుగు ఊళ్ళ మనుషుల్ని పెనుగంచిప్రోలు చేలల్లోకి దించిన సంగతి అన్నాడు, ఇంకా తెల్లవారని చీకట్లో డొంకల వెంట తీసుకెళ్ళినా చేను చేరేసరికి తల ఒక్కటి తగ్గేది కాదన్నాడు, రెడ్డిగూడెం మామిడితోటల మీదగా పోయే కొంగలు కూడా దారి కోసం తన తలపాగా చూసుకునేవన్నాడు. కరీమాబీ ముసుగు వెనక్కి తోసుకుని, "కొంగలు కూడానా!" అంది, నమ్మిందో నమ్మలేదో తెలియనివ్వని మొహంతో. ఆవిడ పక్కన కోడలు షమీమ్ మూడో నీళ్ళ సీసా గుటకలేస్తోంది. కడుపు నిండా నీళ్ళు తాగితే గాని స్కానులో సరిగ్గా కనపడదని చెప్పారట.

మాట్లాడుతున్నది నోరే. మనసు ఎప్పుడో లేచి వెళ్ళి ఆ గాజు తలుపు దగ్గర నిలబడింది. లోపల ఏముందో కనపడకుండా గాజుకి తెల్ల కాగితం అంటించారు. పది నిమిషాల కిందట ఆ తలుపు మనవరాలు జెరూషాని మింగింది, ఆమె వెనకాలే మొగుడు బెన్నిని మింగింది, మేస్త్రి దాకా వచ్చేసరికి నర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్కరికేనండి పర్మిషను. పోనీలేమ్మా, నన్ను చూస్తే మీ మిషను దడుచుకుద్ది, అని నవ్వి, ఆ నవ్వు మొహం మీద ఉండగానే వెనక్కి తిరిగి కుర్చీ వెతుక్కున్నాడు. ఎదురుగా గోడ మీద బోర్డు, కడుపులో ఉన్నది ఆడో మగో ఇక్కడ చెప్పబడదని. చెప్పొద్దు తల్లీ, ఎవరడిగారు, ఆడైతే ఏం మగైతే ఏం. మాకు కావలసింది ఒక్క ముక్క. ఆ గుండెలోంచి పైకి లేచే రెండు గొట్టాలూ ఒకదాని మీదగా ఒకటి మెలిక పడ్డాయా లేదా. పోయిన వారం జగ్గయ్యపేటలో స్కాను తీసిన డాక్టరమ్మ చాలాసేపు తెర వంక చూసి, ఒకటి ఊపిరితిత్తులకి పోవాలి, ఒకటి ఒళ్ళంతటికీ పోవాలి, రెండూ గుణకారం గుర్తులాగా దాటుకోవాలి, నాకు దాటుకున్నట్టు కనపడటం లేదు అంది. బిడ్డ వీపు ఇటు పెట్టి పడుకున్నందువల్ల కావచ్చు. లేదా నిజంగానే రెండూ రైలు పట్టాల్లాగా పక్కపక్కనే పోతుండవచ్చు. పట్టాల్లాగా ఉంటే మంచి రక్తం పోవలసిన చోటికి పోదు, పుట్టిన కొద్ది రోజుల్లోనే గుండె కోసి గొట్టాలు మార్చి కుట్టాలి. గురువారం గురువారం బెజవాడ నుంచి పసిపిల్లల గుండె డాక్టరు నందిగామ వస్తాడు, చూపించుకోండి అని చీటీ రాసిచ్చింది. ఇవాళ గురువారం. బయట హైవే మీద మిరప టిక్కీ బస్తాల లారీ ఒకటి పోయింది, ఆ ఘాటుకి వరండా వరండా అంతా ఒక్కసారి తుమ్మింది. మేస్త్రి తుమ్మలేదు. ఆ ఘాటు ఆయనకి సొంత చెమట వాసన లాంటిది. చెయ్యి మాత్రం ఊరుకోక ఒళ్ళోని కండువా అంచు దారాల్లోంచి రెండు పోగులు లాగింది.

ఆ పోగుల ఎరుపు చూస్తే కల్లం గుర్తొచ్చింది, కల్లం మీద ఆరబోసిన కాయ, మొన్న ఆదివారం చర్చి అయ్యాక ఆ కాయ పక్కనే చాప వేసుకుని కూర్చున్న జెరూషా. జగ్గయ్యపేటలో హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెబుతుంది. అనుమానం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గాని, అసలు లోపల ఏం జరిగి ఉంటుందో తాతకి తప్ప ఎవరికీ చెప్పలేదు. "నాన్నకి చెప్తే ఏడుస్తాడు, బెన్నికి చెప్తే ఫోనులో వెతికి నన్నేడిపిస్తాడు. నువ్వయితే మధ్యలో జోకులేస్తావు తాతయ్యా, నాకదే కావాలి," అంది. చేట తీసుకుంది. గుప్పెడు మిరపగింజలు తెచ్చి అటు కొన్ని, ఇటు కొన్ని పోసింది. ఇది పద్దెనిమిదో రోజు తాతయ్యా, ఇంకా బిడ్డ అనడానికి లేదు, తమలపాకులో తునకంత పల్చటి రేకు, అందులో గుండె లేదు, గుండె ఉండవలసిన చోటు కూడా ఇంకా తేలలేదు, కానీ ఎడమ పక్క కొన్ని కణాలు, కుడి పక్క కొన్ని కణాలు బయల్దేరతాయి, అని గింజల్ని వేలితో కదిపింది. ఎవరు చెబితే బయల్దేరతాయే అన్నాడు. ఎవరూ చెప్పరు అంది. మరి మేస్త్రి? లేడు తాతయ్యా. ముందు నడిచేవాడు? ముందున్నదే ముందు నడుస్తుంది. లాంతరు? కళ్ళే లేవు, లాంతరు దేనికి. అప్పుడు జోకు వెయ్యాలి నెహెమ్యా, మాట ఇచ్చావు గదా, జోకు వెయ్యాలి, కానీ ముందున్న గింజ ఏదా అని చేట మీదకి వంగాడు. నలభై ఏళ్ళు ముందు నడిచినవాడికి, ముందు నడిచేవాడు లేకుండా నడిచే ముఠా ఒకటుందని చేటలో పోసి చూపించింది పిల్ల.

రెండు పక్కల నుంచీ వచ్చి నడిమధ్యన కలుస్తాయట. వరినాట్లలో ఆ గట్టు నుంచి కొందరు, ఈ గట్టు నుంచి కొందరు వంగి నాటుకుంటూ వచ్చి మధ్యలో నడుములెత్తి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నట్టు. కలిసి ఒక్క గొట్టం అవుతాయి. ఇరవై రెండో రోజుకి ఆ గొట్టం కొట్టుకోవడం మొదలు పెడుతుంది. గదులు లేవు, తలుపులు లేవు, గోడలు లేవు, అప్పుడే కొట్టుకోవడమా! ఇంటికి కప్పు వెయ్యకముందే పొయ్యి రాజేసి, ఆ పొయ్యి మీద అన్నం వండుకుంటూ, ఆ అన్నం తింటూ ఇల్లు కట్టుకోవడమా! ఇంకా ఉంది విను తాతయ్యా, కొన్ని చేపపిల్లల్లో ఈ రెండు పక్కలవాళ్ళూ మధ్యలో కలవకుండా ఆగిపోతే ఏమైందో తెలుసా, ఎటువాళ్ళు అటే గుండె కట్టేశారు, ఒక్క చేపకి రెండు గుండెలు, అటొకటి ఇటొకటి, దేనిపాటికి అది కొట్టుకుంటూ. అప్పుడు ఆయనకి నిజంగా కోపం వచ్చింది. జీవితమంతా కోతలు కోసిన మనిషి, మిరప కోతలూ అవే, మాటల కోతలూ అవే. తన చేలో కాయ తిన్న కాకి ఘాటుకి రెక్కలు మర్చిపోయి వీరులపాడు దాకా నడిచిపోయిందని చెప్పి ఊరంతటినీ ఒప్పించిన మనిషి. రెండు గుండెల చేప తనకి తట్టలేదే! టీకొట్లో రేపు ఈ సంగతి చెబితే, చాల్లే మేస్త్రీ ఇవాళ మరీ ఎక్కువైంది అంటారు. నిజం చెప్పినందుకు మొదటిసారి అబద్ధాలకోరు అనిపించుకోవాలి. ఎవరితో చెప్పుకోవాలి ఈ కష్టం.

తలుపు తెరుచుకుంది. ఆయన కుర్చీ అంచుకి జరిగాడు, కానీ వచ్చింది నర్సమ్మా, ఆ వెనక చాక్లెట్టు నములుతూ జెరూషానూ. "ఇంకా చూడలేదు తాతయ్యా. వీపే చూపిస్తోంది బిడ్డ. తీపి తిని కాసేపు నడిస్తే తిరుగుద్దంట." వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది, పొట్ట మీద చెయ్యి వేసుకుని, పొట్ట ఇంకా పెద్దగా లేదు, అయిదున్నర నెలలు, చీర కుచ్చిళ్ళ కింద ఒక చిన్న గుమ్మడికాయ. కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన ఆ పొట్ట వంక వంగి, "ఏమోయ్, పెద్దవాళ్ళు వస్తే వీపు చూపిస్తారా, ఎవరు నేర్పారు నీకా బుద్ధి? మొహం ఇటు తిప్పు," అన్నాడు. షమీమ్ నీళ్ళు తాగుతూ తాగుతూ నవ్వేసి పొలమారింది. జెరూషా కూడా నవ్వింది. నవ్వుతూనే మెడ వెనక చెయ్యి వేసి రుద్దుకుంది, నిద్ర లేని వాళ్ళు రుద్దుకున్నట్టు. ఆరు సార్లు అటూ ఇటూ తిరిగి మళ్ళీ లోపలికి పోయింది. తెల్ల కాగితం తలుపు మూసుకుంది.

మెడ. అక్కడి నుంచే గదా. ఆదివారం చేటలో ఆఖరున పోసిన గింజలు అక్కడివే. మొదటి ముఠా గొట్టం కట్టింది, రెండో ముఠా వచ్చి ఆ గొట్టానికి రెండు చివర్లా పొడుగు కలిపింది, గొట్టం వంపు తిరిగింది, అన్నీ అయ్యాయి. ఇక పైకి పోయే పెద్ద గొట్టం ఒక్కటే మిగిలింది, దాన్ని రెండుగా చీల్చాలి, నడిమధ్యన గోడ కట్టాలి. ఆ గోడకి మనుషులు గుండె దగ్గర లేరు తాతయ్యా, అంది. ఎక్కడి నుంచి రావాలో చెప్పు చూద్దాం? ఆయన ఊపిరితిత్తులన్నాడు, కడుపన్నాడు, చివరికి పెదనందిగామ అన్నాడు. ఆమె లేచి వచ్చి ఆయన వెనక నిలబడి, తలపాగా కింద, జుట్టు మొదలయ్యే చోట వేలు పెట్టింది. ఇక్కడి నుంచి. వెన్ను మీద గట్టులాగా ఒక వరస ఉంటుంది, దాని కొసన, మెడ వెనకవాళ్ళు, గట్టు దిగి బయల్దేరి, గొంతు పక్కల నుంచి దిగి, అంత దూరం నడిచి గుండెకి వస్తారు. వాళ్ళ పేరేదో చెప్పింది, బడిలో చెప్పే పేరు. అయిదో తరగతితో ఆగిన చెవి దాన్ని పట్టుకోలేదు, ఆయన మటుకు మెడముఠా అని పెట్టుకున్నాడు. ఆ మెడముఠా కట్టే గోడ తిన్నగా ఉండదు, మెలిక తిరుగుతూ కడతారు. అందుకని ఆ రెండు గొట్టాలూ పేనిన తాడులో రెండు పాయల్లాగా ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. మెలిక తిరగకపోతే పట్టాలు. జగ్గయ్యపేట డాక్టరమ్మకి కనపడనిది ఆ మెలికే. వేలు తీసేసినా మెడ మీద ఆ చోటు వెచ్చగా ఉండిపోయింది, ఇవాళ్టికీ ఉంది. అక్కడే గదా కొడుకు ఏలీయా పుట్టినప్పుడు పెళ్ళాం రత్నమణి తన చెయ్యి పట్టుకుని పెట్టించింది, ఇక్కడ పట్టుకోవాలయ్యా, మెడ నిలవని బిడ్డ, మెడ కింద చెయ్యి లేకుండా ఎత్తుకోకు. పొలం పనికి మొద్దుబారిన చెయ్యి, ఆ చేతిలో నిమ్మకాయంత మెడ. ప్రపంచంలో అమ్మలందరూ అక్కడే ఎందుకు చెయ్యి పెట్టమంటారు? గుండె కట్టినవాళ్ళు బయల్దేరిన ఊరది, దాని కింద చెయ్యి పెట్టమంటున్నారు. వాళ్ళకి తెలియదు. తెలియకుండానే పెట్టమంటున్నారు. చేతిలో పోగులు రెండూ ఒకటయ్యాయి, ఎప్పుడు పేనాడో ఆయనకే తెలియదు, బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే తిప్పుతున్నాయి, మరో రెండు పోగులు లాగాడు.

"ఏం పెద్దాయనా, నోరు మూతపడింది?" అంది కరీమాబీ. "నలభై ఏళ్ళలో ఒక్కళ్ళు కూడా తప్పలేదా? మా ఇంట్లో నలుగురం బజారుకి పోతే ఒకళ్ళు తప్పుతారు. నిజం చెప్పండి."

నిజం చెప్పమంటే నెహెమ్యా మేస్త్రికి హుషారు వచ్చింది. ఇందాక కట్టిన మేడని తనే కూల్చుకోవడం ఆయనకి భలే ఇష్టం, పెద్దగా కట్టేదే అందుకు. "ఒక్కళ్ళేంటమ్మా," అన్నాడు, "నలభై ఒక్కమంది తప్పారు. తప్పించింది నేనే."

ఏలీయా ఇంకా కడుపులో ఉన్న ఏడు. జనవరి నెల, మున్నేటి మీద నుంచి లేచిన మంచు ఊరి మీద దుప్పటి కప్పినట్టు పడింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. నలభై రెండు మందిని వరసగా నిలబెట్టి, ముందువాళ్ళ సంచి కొస వెనకవాళ్ళు పట్టుకోండి, వదిలినవాళ్ళు మున్నేటి పాలు అని హెచ్చరించి, తను ముందు నడిచాడు. అందరికన్నా చివర రత్నమణి, ఏడో నెల, వద్దంటే వినలేదు. కొండలరావు గారి చేను కొయ్యాలి. డొంక చీలిన చోట ఎడమకి తిరగాలి. తిరిగాడు, ఎడమకే తిరిగాననుకున్నాడు, మంచులో ఎడమేదో కుడేదో దేవుడికే తెలియాలి. చేను వచ్చింది, సాళ్ళు పట్టుకున్నారు, కాయ వేసుకోడానికి ఒడి కట్టుకున్నారు, కోస్తున్నారు, కాయ విరగకాసి ఉంది, కొండలరావు గారి చేను ఇంత బాగా ఎప్పుడు కాసిందిరా అనుకున్నాడు గాని అనుమానం రాలేదు. ఆ చేను చాంద్ బాషాది! పది రోజులుగా కూలీలు దొరక్క, కాయ రాలిపోతుంటే చూడలేక తిరుగుతున్నాడు ఆ మనిషి. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని గట్టు మీదకి వచ్చి చూస్తే మంచులో నలభై తలలు కదులుతున్నాయి, పిలవని మనుషులు, అడగని పని. ఎవరు మీరు అంటే మాయమైపోతారేమోనని భయపడ్డాడట, సప్పుడు చెయ్యకుండా ఇంటికి పోయి రెండు కుండల మజ్జిగ పంపించాడు. మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, కొండలరావు గారు మారిపోయాడే అనుకున్నారు అందరూ. కరీమాబీ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఆయన మా తోడికోడలికి మేనమామ అవుతాడేమో, మా వాళ్ళలో అంత తెలివి ఉంటుంది," అంది.

మంచు విడింది. అప్పుడు లెక్క పెట్టుకున్నాడు. నలభై ఒకటి. మళ్ళీ పెట్టాడు. నలభై ఒకటే. ఈ ముక్క ఎప్పుడు చెప్పినా గబగబా చెప్పి దాటేస్తాడు ఆయన, ఇవాళ కాళ్ళు ఇక్కడ ఆగిపోయాయి. డొంక వెంట పరిగెత్తిన కాళ్ళు. రత్నమణీ అని అరిస్తే ఇంకా విడని మంచు ముక్కలు ఆ పేరుని మింగేసేవి. మున్నేటి ఒడ్డు దాకా పోయాడు, నీళ్ళ వంక చూశాడు, నీళ్ళు మామూలుగా పోతున్నాయి, అంత మామూలుగా పోతుంటే ఇంకా భయమేసింది. ఆ నీళ్ళ వంక చూసిన చూపే ఇప్పుడు ఈ తెల్ల కాగితం వంక చూస్తున్నాడు. యాభై ఏళ్ళు పోయాయి, భయం మాత్రం అదే చొక్కా వేసుకుని వచ్చింది. వెనక్కి తిరిగి, డొంక చీలిక దగ్గర ఎడమకి తిరిగి, ఊపిరి అందక చూస్తే కొండలరావు గారి చేలో ఒక్క మనిషి. ఒక సాలు మొత్తం ఒక్కతే కోసేసి, గట్టు మీద కూర్చుని నడుం పట్టుకుని కాయ తొడిమలు చూసుకుంటోంది. ఎక్కడికి పోయావే! అని అరిచాడు. ఆవిడ తల కూడా ఎత్తలేదు. "నేనెక్కడికి పోయా? మీరెక్కడికి పోయారు?"

"మరి ఆమెకెలా తెలిసింది?" అంది షమీమ్, సీసా పక్కన పెట్టి.

"కడుపులో ఉన్నాడుగా మావాడు," అన్నాడు మేస్త్రి. "డొంక చీలిన చోట ఎడమ పక్కకి తన్నాడంట. అటు తిరిగితే ఊరుకున్నాడంట. వాడే దారి చూపించాడు తల్లీ, కళ్ళు తెరవకముందే మేస్త్రి అయ్యాడు." షమీమ్ చెయ్యి తన పొట్ట మీదకి పోయింది. ఈ కథ ఎవరికి చెప్పినా అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్ళ చెయ్యి పొట్ట మీదకి పోతుంది, ఆయనకి తెలుసు, అందుకే ఆ ముక్కని అంత నింపాదిగా చెబుతాడు. అంతలో జేబులో ఫోను మోగింది, ఆ తన్నినవాడే, ఏలీయా, చేలో నుంచి. వెనక కోత కూలీల మాటలు వినపడుతున్నాయి. "ఏవన్నారు నాన్నా?" "ఇంకా లోపలే ఉందిరా. బిడ్డ వీపు చూపిస్తోందంట, నీ పోలికే." అటు నుంచి నవ్వు రాలేదు. "నాన్నా... ఏమన్నా ఉన్నదున్నట్టు చెప్పు. కోతలు కొయ్యొద్దు, నీకు దణ్ణం పెడతా." "సరేరా," అన్నాడు, అని ఫోను చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు, అటు పెట్టేసినా.

ఉన్నదున్నట్టు. ఉన్నది ఎప్పుడో ఉంది, అదే గదా విచిత్రం. ఆదివారం జెరూషా ఆఖరున అన్న మాట అది. ఎనిమిది తొమ్మిది వారాలకే ఆ గోడ పని అయిపోతుంది తాతయ్యా, ఇవాళ మనం చూసేదే గాని చేసేదేం లేదు. మూడు నెలల కిందట. మూడు నెలల కిందట ఈ పిల్ల ఏం చేస్తోంది? పొద్దున పెనుగంచిప్రోలులో షేరాటో ఎక్కి, వాంతి వస్తుందేమోనని డ్రైవరు పక్కన కూర్చుని, పేటలో దిగి, పదో తరగతి పిల్లలకి నల్లబల్ల మీద గుండె బొమ్మ గీస్తోంది. నాలుగు గదులు, ఎర్ర సుద్దముక్కతో ఒక గొట్టం, నీలం సుద్దముక్కతో ఒక గొట్టం, వెనక బెంచీలో మాట్లాడేదెవర్రా, బొమ్మ వేసుకోండి. బల్ల మీద ఆమె ఎర్ర గీత గీస్తున్న ఆ పూటే లోపల మెడముఠా గట్టు దిగి నడుస్తోంది. బయట బొమ్మ, లోపల అసలు. టీచరుకి తెలియదు పాఠం తనలోనే నడుస్తోందని. ఆ ముఠాకి కింద నేల ఎక్కడ జిగటగా ఉంటే అక్కడ పాదం పట్టు దొరుకుతుందట, ముందు నుంచి ఏదో వాసన లాంటిది లాగుతుందట. ఇద్దరు ఒకే సాలులో ఢీకొంటే ఒకళ్ళు పక్కకి తిరిగిపోతారట, మరీ దూరం జరిగినవాళ్ళని మళ్ళీ గుంపే దగ్గరికి లాక్కుంటుందట. మా ముఠాలో అమ్మలక్కలు సాలు కోసం కొట్లాడుకునేవాళ్ళు, వీళ్ళకి ఆ కొట్లాట కూడా లేదు. ఎన్ని వేలమందో, మిరపగింజ మీద దుమ్మంత కూడా ఉండరు, ఎవరికీ గుండె అంటే ఏమిటో తెలియదు, కట్టబోయేది ఏదో చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా వస్తారు. ప్రతి బిడ్డలో వస్తారు. ఈ వరండాలో తుమ్మినవాళ్ళందరిలో వచ్చారు, ఆ నర్సమ్మలో వచ్చారు, కాపలావాడిలో వచ్చారు, కరీమాబీలో వచ్చారు, చాంద్ బాషాలో వచ్చారు. తనలో కూడా వచ్చారు, డెబ్భై ఎనిమిదేళ్ళ కిందట, పూరింట్లో, లాంతరు వెలుతురు కూడా సరిగా లేని ఇంట్లో, అమ్మ రోట్లో కారం దంచుతుంటే ఆ దెబ్బల మధ్యనే నడిచొచ్చి మెలిక తిప్పి పోయారు, పని అయ్యాక ఎటు పోయారో, మళ్ళీ ఒక్కసారి కూడా కనపడలేదు, ఎవరూ పిలిచి మజ్జిగ పొయ్యలేదు. వందల మందిలో ఎక్కడో ఒకరిద్దరికి తేడా వస్తుందని జెరూషా అంది. వచ్చినందుకు కాదు, అంత తక్కువ మందికే వచ్చినందుకు ఆశ్చర్యపోవాలి మనిషి. ఒక్క మంచుకి నలభై ఒక్కమందిని తప్పించాను నేను, కళ్ళుండి, నోరుండి. దేవా, ప్రార్థన చేద్దామంటే ఏమని చెయ్యను, అయిపోయిన పనిని మళ్ళీ చెయ్యమననా? సరే, ఇలా అంటాను. ఆ రోజు, సుద్దముక్క పట్టుకున్న రోజు, పిల్లకి తెలియకుండా నువ్వు చూస్తూనే ఉన్నావు గదా. చాలు. అంతే.

తలుపు తీసుకుని ముందు బెన్ని వచ్చాడు. కరెంటాఫీసులో పనిచేసే కుర్రాడు, స్తంభంలాగే ఏ భావమూ లేని మొహం, దాన్ని చూసి ఏమీ తెలుసుకోలేం. ఆ వెనక జెరూషా, పొట్ట మీది జిగురు తుడుచుకున్న గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. మేస్త్రి కుర్చీలోంచే మొహం ఎత్తి చూశాడు.

"తిరిగింది తాతయ్యా," అంది. "నీ తిట్లు పనిచేశాయి. లోపలికి పోగానే ఇటు తిరిగింది. డాక్టరు గారు నాకు కూడా చూపించారు. మెలిక ఉంది. బ్రహ్మాండంగా ఉంది. ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి, ఇట్టా..." చేతులు రెండూ మణికట్ల దగ్గర అడ్డంగా పెట్టి చూపించింది. అప్పుడు బెన్ని స్తంభం ఒక్కసారి పక్కకి వంగి గోడకి ఆనుకుంది. "ఒక చిన్న సందు ఉందంట, కింద గదుల మధ్య గోడలో. అది పుట్టాక చూద్దాం, చాలామందికి దానంతట అదే మూసుకుంటుంది అన్నారు. మూసుకోకపోతే అప్పుడు చూస్తారంట."

ఉన్నదున్నట్టు. ఆయన ఫోను తీసి, ఉన్నదున్నట్టే చెప్పాడు ఏలీయాకి, మెలిక ఉందిరా, గోడలో సందుంది, చిన్నది, పుట్టాక చూస్తారు. అంతే, కొంగల్ని రానివ్వలేదు, కాకుల్ని రానివ్వలేదు. ఫోను పెట్టాక మాత్రం ఆగలేక, "గట్టన్నాక ఎండ్రకాయ బొక్క ఒకటి ఉండదా ఏంటి," అన్నాడు. "దాన్ని పూడ్చుకోవడం దానికే తెలుసు. ఇంత గట్టు కట్టినవాళ్ళు ఆ మాత్రం మట్టి వెయ్యలేరా." జెరూషా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, ఆ నవ్వులో ఆమె చూపు ఆయన ఒళ్ళో కండువా మీద పడింది. అంచు అంచంతా, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, రెండేసి పోగులు కలిసి సన్నటి తాళ్ళయ్యాయి. ఆమె ఒక తాడు పట్టుకుని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"అదృష్టవంతురాలివమ్మా," అంది కరీమాబీ. "మీ వంశంలో బిడ్డలు కడుపులోంచే దారి చూపిస్తారంటగా. మీ నాన్న తన్ని మరీ చూపించాడంట."

జెరూషా తాత వంక చూసింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ విన్న కథ, చెప్పు అన్నట్టు, ఇప్పుడు ఇంకోసారి చెప్పినా వింటాను అన్నట్టు. చెప్పేవాడే. నోటి దాకా వచ్చింది కూడా, మంచు, డొంక చీలిక, ఎడమ పక్క తన్ను. కానీ పొట్టలో ఉన్నది మొహం ఇటు తిప్పుకుని ఉంది, దాని ముందర...

"అది నేను పెట్టింది," అన్నాడు.

"ఏది?"

"ఆ తన్ను. యాభై ఏళ్ళ నుంచి చెప్తున్నా, అందరూ నమ్మారు, మీ నాన్న కూడా నమ్మాడు. మజ్జిగ నిజం, చాంద్ బాషా నిజం, నేను ఏటి ఒడ్డున ఏడ్చింది కూడా నిజం, అది ఎప్పుడూ చెప్పలేదు గాని. ఎట్టా తెలిసిందే నీకు అని ఆ రోజు మీ నాయనమ్మని అడిగా. ఆవిడ తొడిమలు చూసుకుంటా ఒకటే మాటంది. 'కాళ్ళ కింద నేల తెలిసింది, నడిచా.' అంతే. ఇంత కథకి ఈ చప్పటి ముక్కేంటి, ఎవరు వింటారని తన్ను కలిపా."

జెరూషా చెయ్యి తనకి తెలియకుండానే మెడ వెనక్కి పోయింది. మేస్త్రి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు, తాళ్ళు తాళ్ళుగా వేలాడుతున్న అంచుతోనే.

"మరి కొంగలో?" అంది కరీమాబీ.

"కొంగల జోలికి రాకమ్మా, అవి నాకు కావాలి," అని మనవరాలి మోచెయ్యి పట్టుకున్నాడు మెట్లు దిగడానికి. "ఈ కథలో మాత్రం తన్ను ఒక్కటే నాది. నడక ఆవిడదే."